బ్రిజిడ్ శిలువను అల్లే విధానం

ఐర్లండ్‌లో క్రిస్మస్ అలంకరణలను జనవరి 6న తీసివేసిన తరువాత, పల్లె ఇళ్లు ఎదురుచూసే వేడుక, ఆ దేశపు క్రైస్తవ సాధ్వి సెయింట్ బ్రిజిడ్ పండుగ. పండుగ ఫిబ్రవరి 1న వచ్చినా, గుమ్మానికి కట్టే శిలువను అల్లవలసినది ముందు రోజు రాత్రే.

ఇందుకు చిత్తడి నేలల్లో పెరిగే, తుంగను పోలిన రష్ గడ్డి కావాలి. దానిని కత్తితో కోయరాదు, చేత్తో పెరికి తేవాలన్నది ఆచారం. ఒకే పొడవున్న పచ్చి కాడలు 20 నుంచి 30 వరకు ఏరుకోండి. ఎండినవి మడత దగ్గర విరుగుతాయి కనుక, అవే దొరికితే ముందుగా నీటిలో నానబెట్టండి. అల్‌స్టర్ ప్రాంతంలో ఇంటివారిలో ఒకరు బ్రిజిడ్ పేరిట మోపుతో గుమ్మం బయట నిలిచి తలుపు తీయమని అడిగేవారు. లోపలివారు స్వాగతం పలికి, భోజనం ముగిసేదాకా ఆ మోపును బల్ల కింద ఉంచేవారు. అల్లకం ఆ తరువాతే.

మొదటి కాడను నిలువుగా పట్టుకోండి. రెండవదాన్ని సగానికి మడిచి, ఆ మడత మొదటి కాడ నడిమిని చుట్టుకొనేలా, రెండు కొసలూ కుడివైపుకు వచ్చేలా అమర్చండి. మొత్తాన్ని అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పితే ఆ కొసలు పైకి వస్తాయి. మూడవ కాడను మడిచి, పైకి నిలిచిన ఆ రెండు కొసలనూ కలిపి చుట్టి, దాని కొసలను మళ్లీ కుడివైపుకే ఉంచండి. ఇక తిప్పడం, పైకి ఉన్న కాడలన్నింటినీ చుట్టేలా కొత్త కాడను మడవడం, మధ్యకు లాగి బిగించడం: చివరిదాకా ఇంతే. కొత్త కాడ పాతదాని మీదకు ఎక్కకుండా పక్కనే ఒదగాలి. జిగురూ ముడీ లేని ఈ అల్లకాన్ని నిలిపేది బిగువు ఒక్కటే. అందుచేత నడిమి చతురస్రం మీద నుంచి బొటనవేలు తీయకండి. ఆకారం అందంగా ఉంటుందనడంలో సందేహం లేదు, 1961లో మొదలైన ఐరిష్ టెలివిజన్ సైతం దీనినే తన చిహ్నంలో చేర్చుకుంది.

నాలుగు చేతుల కొసలనూ దారంతో గట్టిగా కట్టాకే అంచులను సమంగా కత్తిరించండి. ముందే కత్తిరిస్తే కాడలు జారిపోతాయి.

పూర్తయిన శిలువపై పవిత్ర జలం చల్లి, లోపలివైపున గుమ్మం పైన తగిలిస్తారు. అగ్ని ప్రమాదం, ఆకలి ఆ ఇంటి దరి చేరవని నమ్మకం. పశువుల కొట్టంలోనూ ఒకటి కట్టేవారు. మరుసటి ఏడు కొత్తది వచ్చినప్పుడు పాతదానిని కొన్ని ఇళ్లలో కాల్చేవారు, మరికొన్నింటిలో గడ్డికప్పు కింది వాసాల్లోనే ఉంచి, దాని పక్కన కొత్తదానిని గుచ్చేవారు.