కథలో మనిషి మారాలంటే ఒకే కూర మూడుసార్లు

కథ రాసినప్పుడల్లా నాకు ఒకటే టెన్షన్: చివర్లో పాత్ర ఉన్నట్టుండి మారిపోయినట్టు ఉంటుంది. ఈ మధ్య ఒక పద్ధతి దొరికింది, వారాల తరబడి దిద్దుకునే పని తప్పింది.

పాత్రతో ఒకే వంటకాన్ని కథ మొదట్లో, మధ్యలో, చివర్లో చేయించండి. ఒక్కోసారి ఐదారు వాక్యాలు చాలు. వంటకం అదే, చేసే తీరు మారుతుంది. నా కథలో మలక్‌పేట కోడలు బగారా బైంగన్ చేస్తుంది. మొదటిసారి చింతపండు పులుసు పోస్తూ గరిటె గరిటెకీ అత్తయ్య మొహం చూస్తుంది. రెండోసారి నువ్వులు మాడితే, ఎవరికీ చెప్పకుండా పారేసి మళ్లీ వేయిస్తుంది. మూడోసారి పల్లీ, నువ్వులు, కొబ్బరి ముద్ద అంచుల్లో నూనె తేలగానే తనే మంట తగ్గించి, "ఉప్పు సరిపోయింది అత్తయ్యా, మీరు కూర్చోండి" అంటుంది. "ధైర్యం వచ్చింది" అని ముందు రాసుకున్న వాక్యం కొట్టేశాను, అవసరం లేకపోయింది.

రెండు పేజీల కథకైతే రెండుసార్లు చాలు. కొలతలన్నీ రాస్తూ పోతే పాత్ర పక్కకుపోయి రెసిపీ మిగులుతుంది. వంటింటి మొహం చూడని పాత్రకు మాత్రం ఇది అస్సలు పనిచేయదు. అలాంటప్పుడు అతను రోజూ బండి తుడిచే తీరునో, షాపు షట్టర్ దించే తీరునో పట్టుకోండి.