పాత ఎస్‌యూవీ ముందు లొటలొట: నాకు పనిచేసింది ఇదీ

మాది 2010 మోడల్ డీజిల్ బండి, ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుని ఉండే ఏర్పాటు), కాయిల్ స్ప్రింగులు. హన్మకొండ నుంచి ములుగు వైపు వెళ్తుంటే చిన్న గతుక్కే ఎడమవైపు లొటలొట, స్పీడ్ బ్రేకర్ దిగితే టక్కుమని దెబ్బ. టైర్లలో గాలి, అలైన్‌మెంట్, స్టెబిలైజర్ లింకులు, చివరికి కొత్త షాక్ అబ్జార్బర్లు... కుదుపు కొంచెం తగ్గింది, చప్పుడు మాత్రం పోలేదు.

అసలు సంగతి లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే కింది ఆర్మ్ ఛాసిస్‌కి కలిసే చోట ఉండే రబ్బరు ముక్కలు. బండిని స్టాండ్ల మీద పెట్టి, చక్రం తీసి, ఆర్మ్‌కీ ఛాసిస్‌కీ మధ్య రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తితే రబ్బరు పగులు నోరు తెరిచింది. స్ప్రింగ్‌ని నొక్కి పట్టే కంప్రెసర్ తగిలించి (అది లేకుండా ఆర్మ్ జోలికి పోవద్దు, ప్రమాదం) ఆర్మ్ విప్పాం, పాత బుష్‌లు ప్రెస్‌లో తీయించి కొత్తవి నొక్కించాం, ఆర్మ్ బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి చక్రం ఎక్కించాం. కిటుకంతా ఇక్కడే. బండిని కిందికి దించి, బంపర్ పట్టుకుని బాగా ఊపి, బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆ ఆర్మ్ బోల్టులు ఫుల్‌గా బిగించాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. "ఎప్పుడు బిగిస్తే ఏందన్నా" అన్నాడు మెకానిక్ తమ్ముడు, నేను పట్టుబట్టాను. కింద గుంత ఉన్న షెడ్డయితే ఈ పని సులువు. తర్వాత అలైన్‌మెంట్ మళ్లీ చేయించాం.

చప్పుడు పోయింది. మీ బండికీ ఇదే అని చెప్పలేను, బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) అరిగినా ఇలాగే కొడుతుంది, రాడ్డు పెట్టి చూశాకే డబ్బులు పెట్టండి. రబ్బరులా మెలిపడకుండా మధ్యలోని గొట్టం చుట్టూ తిరిగే పాలియురెథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లకైతే ఈ బిగింపు గొడవ పెద్దగా ఉండదు.