నలభై అయిదు దాటాక రూమ్‌మేట్‌తో ఒకే ఇంట్లో సర్దుకోవడం ఎలా?

చదువుకునే రోజుల్లో ఒక్క గదిలో నలుగురు సర్దుకున్నవాళ్లే ఈ వయసులో ఇంకొకరితో వంటగది పంచుకోవాలంటే వెనకాడతారు. గ్లాసు ఎక్కడ బోర్లించాలో కూడా ఇరవై ఏళ్లుగా మన ఇష్టమే కదా మరి. ఒడిశాలోని రాయగడలో మాత్రం ఇలాంటి కాపురాలు మామూలే. ఉద్యోగం జేకేపూర్ కాగితం మిల్లులోనో, బ్యాంకులోనో, బడిలోనో ఉంటుంది, ఇల్లూ పిల్లలూ పార్వతీపురంలోనో విజయనగరంలోనో ఉంటారు. అద్దె కలిసొస్తుందని ఇద్దరు కలిసి ఇల్లు తీసుకుంటారు. ఆ రెండో మనిషి తెలుగువారే అయి ఉండక్కర్లేదు.

స్నేహం కుదిరితే మిగతావన్నీ అవే సర్దుకుంటాయని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ముందు ఇంటి పద్ధతులు తేల్చుకోండి. స్నేహం కుదరకపోయినా ఇల్లు నడుస్తుంది.

1. సామాను దించకముందే అడగండి

ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు, నైట్ షిఫ్టులు ఉన్నాయా, సిగరెట్టూ మందూ అలవాటుందా అని మొహమాటం లేకుండా అడిగేయండి. మీ సంగతీ చెప్పండి. గురక పెడతారా? మొదటి రోజే చెప్పేస్తే నవ్వుకుని ఊరుకుంటారు, పదో రోజు బయటపడితే గొడవ. నెలసరి ఆగిపోయే వయసు ఆడవాళ్లకు అర్ధరాత్రి ఒళ్లంతా సెగలొచ్చి ఫ్యాను అయిదులో పెట్టాలనిపిస్తుంది, పక్కవారికి దుప్పటి కావాలి. కాబట్టి చిన్నవైనా రెండు వేరు గదులున్న ఇల్లే చూసుకోండి.

2. డబ్బు, కాగితం

పదకొండు నెలల అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించండి. ఒక్కరి పేరే ఉంటే రెండోవారు చుట్టంలా బతకాలి. అద్దె సగం సగం, లేదా గది సైజును బట్టి. శని, ఆదివారాలు రైలెక్కి ఊరెళ్లిపోయేవారు అద్దె తగ్గించమని అడగకూడదు. గ్యాసు మాత్రం ఉన్న రోజుల లెక్కన పంచుకోవచ్చు. కరెంటు బిల్లులో ఏసీ ఎవరి గదిలో ఉంటే వారికి ఎక్కువ వాటా. కొత్త ఊళ్లో అడ్రసు రుజువు లేకపోతే గుర్తింపు కార్డు చూపించి 5 కిలోల చిన్న సిలిండరు కొనుక్కోవచ్చు, ఇద్దరి వంటకు కొన్నాళ్లు గడుస్తుంది.

3. వంటగది

అసలు పరీక్ష ఇక్కడే. మీ రూమ్‌మేట్ ఒడియావారైతే ఆవనూనె వాడే అవకాశం ఎక్కువ. పొగ వచ్చేదాకా కాస్తారు కాబట్టి ముందే కిటికీ తెరవమనండి. ఆ కంపు పడదని మొహం చిట్లించే ముందు మన ఎండుచేపల సంగతి గుర్తు చేసుకోండి, కాకపోతే వాళ్లూ అవి ఇష్టంగానే తింటారు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పాడైందనుకుని పారబోయకండి, అది రేపటి పఖాళ. మన చద్దన్నం తిన్నవారికి కొత్తేమీ కాదు.

పంచాంగం దగ్గరా జాగ్రత్తగా ఉండాలి. ఒడియావాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. అందుకని వాళ్ల కార్తికం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. 2025లో మన కార్తికం అక్టోబరు 22 నుంచి నవంబరు 20 దాకా సాగితే, వాళ్లది నవంబరు 5 పౌర్ణమితోనే అయిపోయింది. ఆ నెలలో నీచు ముట్టనివారు చాలామంది ఉంటారు. మామూలుగా తినేవాళ్లు కూడా చివరి అయిదు రోజులు, అంటే పంచుక, మానేస్తారు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు ఇంట్లో చేపలో మాంసమో ఉండాల్సిందే. సరిగ్గా అప్పుడు మీరు కార్తిక నియమంలో ఉంటారు! ఇద్దరి తేదీలూ ఒకే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని, ఆ రోజుల్లో నీచుకు వేరే గిన్నె, వేరే గరిటె వాడితే చాలు. ఆ వెంటనే వాళ్ల మార్గశిర గురువారాలు వస్తాయి. లక్ష్మీపూజ రోజు ఉల్లి, వెల్లుల్లి ఉండవు, నేల మీద తడి బియ్యప్పిండితో ఝోటి, అంటే ముగ్గు, వేస్తారు. తడి ఆరకముందే తొక్కకండి. మార్గశిర లక్ష్మివారాలు మనకూ ఉన్నాయి కాబట్టి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు.

4. మందుల సంగతి దాచకండి

షుగరు, బీపీ, థైరాయిడ్ ఈ వయసులో సిగ్గుపడాల్సినవి కావు. ఏ మాత్రలు వాడుతున్నారో, ఇంట్లోవాళ్ల నంబరేదో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. షుగరు మందులు వాడేవారికి ఉన్నట్టుండి చెమటలు పట్టి చేతులు వణికితే షుగరు పడిపోయి ఉండొచ్చు. స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు ఇవ్వాలని రూమ్‌మేట్‌కు తెలియాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిన్ ఆపాలి. అది తెలిస్తే పొద్దున్నే కాఫీ వద్దన్నారని ఎవరూ నొచ్చుకోరు.

5. చుట్టాలు, ఫోన్లు

భర్త వస్తున్నా, పిల్లలు వస్తున్నా ముందే చెప్పాలి, ఎన్ని రాత్రులుంటారో కూడా. ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు గది తలుపు వేసుకోండి. స్పీకరులో మీ కోడలి ముచ్చట్లు పక్క గదికి అక్కర్లేదు.

6. చిరాకు వచ్చినప్పుడు

ఆ రోజే, ఒక్క విషయమే చెప్పండి. "అక్కా, పది దాటాక టీవీ సౌండు కొంచెం తగ్గిస్తారా? రేపు పొద్దున్నే రైలుంది" అంటే సరిపోతుంది. పాత చిట్టా విప్పకండి. ఇంటి ఓనరుకు ఫిర్యాదు చేయడం, మీ ఊరివాళ్లతో తెలుగులో వాళ్ల గురించి మాట్లాడటం అస్సలు వద్దు. రాయగడలో తెలుగు అర్థం కానివాళ్లు తక్కువ.

7. వస్తువులు ఉమ్మడిగా కొనకండి

ఫ్రిజ్ ఒకరిది, మిక్సీ ఒకరిది అన్నట్టు ఉండాలి. సగం సగం వేసుకుని కొన్న వాషింగ్ మెషిన్‌ను బదిలీ వచ్చిన రోజు కోసి పంచుకోలేరు. ఖాళీ చేసేవారు నెల ముందే చెప్పాలి. అడ్వాన్సులో తన సగం ఓనరు ఇస్తారా, కొత్తగా వచ్చేవారి దగ్గర తీసుకోవాలా అన్నది అగ్రిమెంటు రాసుకునే రోజే తేల్చి, ఆ కాగితంలోనే రాయించండి.