కొండ మీద కొత్త ఇల్లు, కుంగిన గడ్డి: ముందు గునపం దింపి చూడండి

నీలగిరుల్లో కూనూరు, కోటగిరి వైపు కొత్తగా కట్టిన ఇళ్లకు కృత్రిమ గడ్డి వేయించుకున్నవాళ్ల ఫిర్యాదులు నాలుగైదు రకాలే. గడ్డి చుట్ట (రోలు) పరవడం, టేపు అతికించడం, అంచులకు మేకులు కొట్టడం మీకు వచ్చుననే అనుకుని రాస్తున్నాను. ఫిర్యాదు ఏదైనా సరే, ముందు ఒక బకెట్టు నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూడండి. రెండు నిమిషాల పని. అది మానేసి, రోలు నాసిరకమని తేల్చుకుని, కొత్త రోలు కొన్నాక నాకు ఫోను చేసేవాళ్లే ఎక్కువ.

సమస్య: గోడ వెంబడి గడ్డి కుంగుతోంది

పరిచిన రోజు బల్లపరుపుగా ఉంటుంది. తొలి వానాకాలం దాటేసరికి ఇంటి గోడ పక్కన రెండు మూడడుగుల మేర పొడవాటి పల్లం పడుతుంది. అందరూ చేసేది ఒకటే: గడ్డి లేపి, పల్లంలో రాతి పొడి పోసి, మళ్లీ పరవడం. నేనూ అదే చేశాను. ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ నా ఖర్చుతోనే పొడి పోసి వచ్చాను. నాలుగోసారి విసుగు పుట్టి పల్లం మధ్యలో గునపం దింపాను. పెద్దగా బలం పెట్టకుండానే మోకాలి లోతు దిగిపోయింది. తవ్వితే ఖాళీ సిమెంటు సంచులు, ఇటుక ముక్కలు, వేలితో నొక్కితే పిండిలా రాలే సెంట్రింగ్ చెక్క బయటపడ్డాయి. వాటి మధ్య పిడికిలి పట్టేంత ఖాళీలు.

కారణం: పునాది తవ్విన గోతికీ లేచిన గోడకూ మధ్య సందు మిగులుతుంది. పనివాళ్లు అందులో చేతికి దొరికిందల్లా పడేసి, పైన అరడుగు ఎర్రమట్టి కప్పేస్తారు. దాని మీద దిమ్మిస కొడితే బిగిసేది పై పొర ఒక్కటే. కాలికి మాత్రం గట్టిగానే తగులుతుంది, మోసపోయేది అక్కడే. నీళ్లు దిగేకొద్దీ మట్టి ఆ ఖాళీల్లోకి జారుతుంది, చెక్క కుళ్లుతుంది, పైన నేల దిగుతుంది. ఇది చాలదన్నట్టు డాబా మీది వాన గొట్టాన్ని సరిగ్గా ఆ సందులోకే వదులుతారు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు కూనూరును ముంచెత్తేటప్పుడు కప్పు మీద పడిన నీరంతా మీ గడ్డి కిందికే చేరుతుంది.

పల్లం గోడ దగ్గర కాక పెరడు మధ్యలో అడ్డంగా గీత గీసినట్టు పడిందా? అయితే అది కోసిన నేలా పోసిన నేలా కలిసే చోటు. కొండవాలులో పైవైపు కోసి, ఆ మట్టినే కిందివైపు పోసి చదును చేస్తారు కదా. కోసిన సగం కదలదు, పోసిన సగం దిగుతుంది.

పరీక్ష: గోడ పొడవునా రెండడుగులకొక చోట గునపం దింపండి. ఎక్కడ చప్పున ఆగుతోందో, ఎక్కడ జారిపోతోందో సుద్దతో గోడ మీదే గుర్తు పెట్టండి. పని ఒప్పుకునే ముందే, ఇంటి యజమాని పక్కనుండగా చేస్తే తర్వాత మాటా మాటా రాదు.

పరిష్కారం: గట్టి నేల తగిలేదాకా తవ్వి చెత్తంతా తీసేయండి. మంచి మట్టిని అరడుగు మించని పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తగుమాత్రం తడిపి దిమ్మిస కొట్టండి. ఒకేసారి మూడడుగులు పోసి పైన యంత్రం తిప్పితే మళ్లీ మొదటికొస్తారు. ఆపైన జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది), నాలుగంగుళాల కంకర, ఒక అంగుళం రాతి పొడి. వాటం, అంటే నీరు జారే వాలు, గోడ నుంచి బయటికి, మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండాలి. వాన గొట్టాన్ని పొడిగించి గడ్డి అంచు దాటించండి, పొరుగువారి గోడ మీదికి మాత్రం కాదు. తవ్వడానికి యజమాని ఒప్పుకోకపోతే గోడ వెంట రెండడుగులు గడ్డి వేయకుండా గులకరాళ్లు పరవండి. అవి దిగితే పైన మరో గంపెడు పోసుకుంటారు.

పోసిన మట్టి నిలువెత్తు ఉంటే ఒక వానాకాలం తడిసి దిగేదాకా గడ్డి వేయకపోవడమే మంచిది. దాన్ని ఆపే గోడ ఉబ్బినా, నీరు బయటికి పోయే దాని తూములు వానలోనూ పొడిగా ఉన్నా వెంటనే ఇంజినీరును పిలవండి. అప్పుడిక గడ్డి సంగతి కాదు, ఇంటి సంగతి.

సమస్య: నీళ్లు నిలిచి వాసన వస్తోంది

బకెట్టు పరీక్షలో నీరు కదలకపోతే వాటం లేదు, లేదా రాతి పొడిలో మట్టి కలిసింది. గుప్పెడు పొడి తడిపి పిసకండి. ముద్ద కట్టి చేతికి అంటుకుంటే దాన్ని తీసి పారేయాల్సిందే. గడ్డికి అదనంగా రంధ్రాలు పొడిచి లాభం లేదు.

సమస్య: అతుకు కనబడుతోంది, ముడతలు లేస్తున్నాయి

రెండు ముక్కల పోగులూ ఒకే వైపు వాలి ఉన్నాయో లేదో చూడండి. అతుకు ఊడితే ఎక్కువగా తప్పు మంచుదే: తెల్లవారి పొగమంచులో తడిసిన టేపు మీద గమ్ము పట్టదు, చలికి ఆరడమూ ఆలస్యం. పదిగంటల తర్వాత, టేపు తుడిచి మొదలుపెట్టండి. ముడతలకు కారణం రోలు విప్పగానే కోయడం. చలి పొద్దున గోడకు బిగుతుగా కోసిన ముక్క మధ్యాహ్నపు ఎండకు సాగి లేస్తుంది. విప్పి కొన్ని గంటలు వదిలేయండి.

అరుదుగా గడ్డి ఒక చారలా కరిగి కనబడుతుంది. ఎదురుగా ఉన్న కిటికీ అద్దం నుంచి ఎండ తిరిగొట్టి అక్కడ పడుతోందేమో చూసి, అద్దానికి బయటి వైపు తెర కట్టండి. డిసెంబరు, జనవరిల్లో ఊటీ వైపు పోగులు మంచుకు బిర్రబిగిసి ఉంటే ఎండ వచ్చేదాకా వాటిని తొక్కకుండా ఉంటే చాలు.