విషపరీక్ష నివేదిక చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: రెండేళ్ల ఎలుకలు, ఆర్‌డీఎక్స్

పోయిన పాఠంలో 90 రోజుల పరీక్ష చూశాం. ఈసారి రెండేళ్లది. ల్యాబు ఎలుకకు రెండేళ్లంటే దాదాపు జీవితమంతా.

1983లో అమెరికా సైన్యం కోసం చేసిన ఆర్‌డీఎక్స్ పరీక్ష తీసుకుందాం. పేలుడు పదార్థం మనిషి కడుపులోకి ఎలా వెళ్తుందంటారా? ఆయుధ కర్మాగారాలు, ఫైరింగ్ రేంజిల దగ్గర నేలలోకి దిగి భూగర్భజలంలో కలుస్తుంది. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో జరిగింది అదే.

ఫిషర్-344 అనే ల్యాబు జాతి ఎలుకలు, గుంపుకు 75 మగ, 75 ఆడ. డోసులు కిలో బరువుకు రోజుకు 0, 0.3, 1.5, 8, 40 మి.గ్రా., మేతలో కలిపి. ఈ 'మేతలో కలిపి' దగ్గర కాసేపు ఆగండి. 300 గ్రాముల ఎలుకకు 8 డోసంటే రోజుకు 2.4 మి.గ్రా. అది 15 గ్రాముల మేత తింటే, గ్రాముకు 0.16 మి.గ్రా. కలపాలి. అదే ఎలుక 400 గ్రాములకు పెరిగి, అంతే మేత తింటే? కాగితం మీద 8, ఒంట్లోకి వెళ్లేది 6! అందుకే నివేదిక తెరవగానే నేను ముందు బరువుల పట్టిక, మేత పట్టిక చూస్తాను.

ఇక ఫలితాలు. 40 దగ్గర మూర్ఛలు, మరణాలు. కళ్లు అక్కడికే పోతాయి. పోనివ్వకండి, సున్నా గుంపు నుంచి పైకి చదవండి. 0.3లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 1.5లో మగ ఎలుకల ప్రొస్టేట్ గ్రంథిలో చీముతో కూడిన వాపు. బయటికి ఏమీ కనబడదు, మైక్రోస్కోపు కిందే దొరుకుతుంది. మనకు కావలసిన గీత అక్కడుంది: హాని కనబడని డోసు 0.3.

దాన్ని 100తో భాగించారు: ఎలుకకూ మనిషికీ తేడాకు 10, మనిషికీ మనిషికీ తేడాకు 10. వచ్చింది 0.003. 70 కిలోల మనిషికి 0.21 మి.గ్రా.; రోజుకు 2 లీటర్లు తాగితే లీటరుకు 0.105. ఒంట్లోకి చేరే మొత్తంలో నీటి వాటా 20 శాతమే అనుకుని, క్యాన్సర్ అనుమానానికి మరో 10తో భాగిస్తే సుమారు 0.002. అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటికి ఇచ్చిన సలహా పరిమితి ఇదే.

2018లో అదే సంస్థ ప్రొస్టేట్‌ను వదిలి, మరో పరీక్షలోని మూర్ఛల ఆధారంగా 0.003ని 0.004 చేసింది. అంకె పెద్దగా కదల్లేదు, ఆధారం మాత్రం పూర్తిగా మారింది. కాబట్టి ఏ పరిమితి చూసినా అది ఏ అవయవం నుంచి వచ్చిందో పక్కన రాసుకోండి.

అభ్యాసం: 400 గ్రాముల ఎలుక, 15 గ్రాముల మేత, డోసు 1.5. గ్రాము మేతలో ఎంత కలపాలి? 0.04 మి.గ్రా. రావాలి. 0.1 వచ్చిందంటే ఎలుక బరువుతో గుణించడం మరిచిపోయారన్నమాట.