కారు వీఐఎన్ చదవడం – 3వ పాఠం: మళ్ళీ తొమ్మిదో స్థానం దగ్గరే

వీఐఎన్ అంటే కారుకి ఇచ్చే పదిహేడు అక్షరాలు, అంకెల గుర్తింపు నంబర్. ఈసారి అందులోంచి మోడల్ సంవత్సరం చదవడం చెప్పాలనుకున్నాను. కానీ పోయిన పాఠంలోని చెక్ డిజిట్ (నంబర్ సరిగ్గా ఉందో లేదో తేల్చే తొమ్మిదో స్థానం గుర్తు) లెక్క వేసి, జవాబు కలవక, కారు దొంగసొత్తేమోనని టెన్షన్ పడినవాళ్ళు చాలామంది ఉన్నారు. ముందు ఆ భయం తీరాలి.

లెక్కకు ముందే ఒకటి అడగండి: ఆ కారు ఏ మార్కెట్ కోసం తయారైంది? అమెరికా, కెనడాలలో అమ్మే కార్లకు చెక్ డిజిట్ తప్పనిసరి. యూరప్‌లో కాదు. అక్కడి ఫోక్స్‌వ్యాగన్ కార్లలో తొమ్మిదో స్థానంలో తరచుగా జెడ్ ఉంటుంది. అది ఖాళీ నింపడానికే. దానికి లెక్క కలవదు, కలవనక్కర్లేదు. మొదటి అక్షరం చూసి తేల్చేయకండి. డబ్ల్యూ జర్మనీకి కేటాయించిన కోడ్, కానీ అమెరికా కోసం చేసిన జర్మన్ కారుకీ చెక్ డిజిట్ ఉంటుంది.

ఇక లెక్కలో అసలు తప్పు. అందులో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది. ఎస్‌కి 1 వేస్తున్నారు. ఎస్ విలువ 2! ఎ నుంచి హెచ్ దాకా 1 నుంచి 8. జె నుంచి ఎన్ దాకా 1 నుంచి 5. పి 7, ఆర్ 9. ఐ, ఓ, క్యూ వాడరు. ఎస్ 2, టి 3, అలా జెడ్ 9. ఎ, జె రెండూ 1తో మొదలయ్యాయి కదా అని చెయ్యి ఎస్ దగ్గరా 1 రాసేస్తుంది. అక్కడే ఆపండి.

పదిహేడు స్థానాల్లోనూ 1 ఉందనుకోండి. ప్రతి స్థానంలోని విలువని ఆ స్థానం గుణకంతో గుణించి, అన్నీ కూడి, పదకొండుతో భాగించాలి; ఆ శేషం తొమ్మిదో స్థానంతో కలవాలి. గుణకాలు వరసగా 8, 7, 6, 5, 4, 3, 2, 10, 0, 9, 8, 7, 6, 5, 4, 3, 2. మొత్తం 89, పదకొండుతో భాగిస్తే శేషం 1. సరిపోయింది. ఇప్పుడు పదకొండో స్థానంలో ఎస్ పెట్టండి. మొత్తం 97, శేషం 9. ఎస్‌ని 1 అనుకున్నవాళ్ళకి మళ్ళీ 89 వస్తుంది. తప్పుడు నంబర్ సరైనదిగా కనిపిస్తుంది. అందుకే నేను గళ్ళ కాగితం మీద అక్షరం కింద విలువ, దాని కింద గుణకం రాసుకున్నాకే గుణిస్తాను.

మోడల్ సంవత్సరం క్లుప్తంగా: అమెరికా కార్లలో పదో స్థానంలో జె ఉంటే 1988 లేదా 2018. ఏడో స్థానంలో అంకె ఉంటే మొదటిది, అక్షరం ఉంటే రెండోది. ఇది మోడల్ సంవత్సరమే, తయారైన తేదీ కాదు.

అభ్యాసం: పదిహేడు ఒకట్లలో ఏడో స్థానంలో టి, పదో స్థానంలో జె పెట్టి, తొమ్మిదో స్థానంలో ఏం రావాలో, మోడల్ సంవత్సరం ఏదో కాగితం మీద తేల్చండి. 5, 2018 రాకపోతే మొదటి గడి నుంచి మళ్ళీ వేయండి.