హైక్ అరియర్స్ మీద పన్ను ఎక్కువ కోశారా? ఫారం 10ఇ దరఖాస్తు విధానం

హైక్ లెటర్‌లో అందరం ముందు చూసేది సీటీసీ అంకె, అంటే మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అసలు లెక్క జీతం పడ్డ మెసేజ్ వచ్చాక మొదలవుతుంది. అమీర్‌పేట ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడికి నెలకు 4,240 పెరిగిందని లెటర్‌లో రాశారు, ఖాతాలో మాత్రం 3,760 పెరిగింది. "మిగతా 480 ఎవరు తిన్నారన్నా?" అన్నాడు. ఎవరూ తినలేదు. అతని బేసిక్ (మూల వేతనం) 20,000 నుంచి 22,000 అయింది. దాని మీద 12 శాతం పీఎఫ్ కాబట్టి అతని వాటా 240 పెరిగింది, కంపెనీ వాటా ఇంకో 240. కంపెనీ వాటాను కూడా సీటీసీలో కలిపే చూపిస్తారు మరి. ప్రొఫెషనల్ ట్యాక్స్ మాత్రం కదల్లేదు. తెలంగాణలో నెల జీతం 20,000 దాటాక ఎంత పెరిగినా అది 200 రూపాయలే.

జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పోతుంది, కానీ వెంటనే కాదు. ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అని రెండు విడతలుంటాయి. మధ్యలో దాటితే ఆ విడత అయ్యేదాకా 0.75 శాతం కోత నడుస్తుంది. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి మీద ఇంటిల్లిపాదీ ఆధారపడి ఉంటే, చిన్న హైక్ లాభమో నష్టమో ఒకసారి ఆలోచించుకోవాలి.

గట్టిగా తగిలేది అరియర్స్, అంటే పాత బాకీ జీతం, ఒకేసారి పడ్డప్పుడు. మా అక్క లెక్కే చూడండి. 2025-26లో ఆమె జీతం 12,50,000. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను 11,75,000. పన్ను విధించే ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి రిబేట్‌తో (పన్ను మాఫీతో) పన్ను సున్నా. ఫిబ్రవరిలో అంతకుముందు ఏడాది హైక్ తాలూకు 60,000 అరియర్స్ వచ్చాయి. ఆదాయం 12,35,000 అయింది. రిబేట్ పరిమితి దాటడంతో, 12 లక్షల పైన ఉన్న 35,000 మొత్తం పన్నుకే పోయింది, సెస్‌తో (పన్ను మీద పడే అదనపు సుంకంతో) కలిపి 36,400. "ఈ అరియర్స్ రాకపోయినా బాగుండేది కదరా" అంది.

అదే 60,000 న్యాయంగా రావాల్సిన 2024-25లోనే వచ్చి ఉంటే? అప్పటి ఆమె పన్ను ఆదాయం 10,25,000. అది 15 శాతం శ్లాబు, ఆ 60,000 మీద సెస్‌తో 9,360 పడేది. ఈ రెండింటి తేడా 27,040 రూపాయలను ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 89 కింద తగ్గించుకోవచ్చు. 2025-26లో అందిన అరియర్స్‌కు అందుకోసం వేయాల్సిందే ఫారం 10ఇ.

ఏ ఏడాదికి ఎంత బాకీ అన్న విడి లెక్క హెచ్‌ఆర్ దగ్గర మెయిల్‌లో తీసుకోండి. డబ్బు అందిన ఏడాది ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే పత్రం), పాత ఏడాది రిటర్న్ పక్కన పెట్టుకోండి. బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ దాకా వెళ్లే పని లేదు, ఫీజూ లేదు. పాన్‌తో ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయి, ఈ-ఫైల్ మెనూలో ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారమ్స్‌కు వెళ్లండి. వ్యాపార ఆదాయం లేనివాళ్ల విభాగంలో 10ఇ కనిపిస్తుంది.

అసెస్‌మెంట్ ఇయర్ దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. బాకీ ఏ ఏడాదిదైనా సరే, డబ్బు చేతికి అందిన ఏడాదినే లెక్కలోకి తీసుకోవాలి. అసెస్‌మెంట్ ఇయర్ అంటే దాని తర్వాతి ఏడాది, కాబట్టి 2025-26లో అందితే 2026-27 ఎంచుకోవాలి. తర్వాత అరియర్స్ కోసం ఉన్న అనెక్షర్ 1 తెరవండి. అందులోని టేబుల్ ఏలో పాత ఏడాది, అప్పటి ఆదాయం, అరియర్స్ విడివిడిగా నింపాలి. అప్పటి ఆదాయం అంటే పేస్లిప్‌లోని గ్రాస్ కాదు. డిడక్షన్లు పోగా ఆ ఏడాది రిటర్న్‌లో తేలిన మొత్తం ఆదాయం. మా అక్క ముందు 11 లక్షలు వేసేసింది, 10,25,000 అని సరిచేశాం. పన్ను కూడా ఆ ఏడాది మీరు ఎంచుకున్న విధానం ప్రకారమే చూడాలి. రెండు పన్నుల తేడా సున్నా అయితే ఈ ఫారంతో పని లేదు.

ప్రివ్యూ చూసుకుని ఆధార్ ఓటీపీతో వెరిఫై చేస్తే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ వస్తుంది. ఇదంతా రిటర్న్ వేయకముందే అయిపోవాలి. 10ఇ లేకుండా రిటర్న్‌లో సెక్షన్ 89 గడి నింపితే ఆ రిలీఫ్ కొట్టేసి, పన్ను బాకీ ఉందని నోటీసు పంపుతారు. కంపెనీయే ఫారం 16లో రిలీఫ్ ఇచ్చినా 10ఇ మీరు వేయాల్సిందే. ఫారంలో తేలిన అంకెనే రిటర్న్‌లో వేయండి. కాగితాలేవీ జత చేయక్కర్లేదు గానీ, హెచ్‌ఆర్ మెయిల్ మాత్రం డిలీట్ చేయకండి.